లెక్కలోకి రాని బండ్లు

చెంచురామయ్యకు ఆగడం చేతకాదు. నిలబడే కాఫీ తాగుతాడు, పెరట్లో తిరుగుతూనే పళ్ళు తోముకుంటాడు, భోజనానికి కూర్చుంటే మారు వడ్డించేలోపే ఒక మోకాలు పైకి లేస్తుంది. "అన్నం ఎక్కడికీ పారిపోదు, కాస్త కూర్చోండి" అని పున్నమ్మ కాపరానికొచ్చిన కొత్తలో అనేది. కొన్నాళ్ళకు విసుగుపుట్టి మానేసింది. ఇలాంటి మనిషికి ఇల్లు రైలు పట్టాలకు తూర్పునా, పొలం పడమటా పెట్టిన దేవుణ్ణి ఏమనాలో ఎవరికీ తెలీదు.

వాళ్ళ ఊరు బాపట్లకూ అప్పికట్లకూ మధ్య, మద్రాసు లైనును ఆనుకుని ఉంటుంది. ఊరికీ పొలాలకూ మధ్య ఉన్న దారి ఒక్కటే. దారి మీద పట్టాలు, పట్టాల దగ్గర గేటు, గేటు పక్కన ఒంటి గది. ఆ గదిలో గేట్‌మేన్ మత్తయి, అతని భార్య దేవకుమారి కాపరం ఉండేవాళ్ళు. గది కప్పు కనపడకుండా ఆవిడ బీరపాదు పాకించింది. పట్టాలు దాటిన వెంటనే, గేటుకు కుడివైపున ఉన్నదే చెంచురామయ్య పొలం. తండ్రి చెమటోడ్చి చదును చేసిన నల్లరేగడి. ఉన్న ఆస్తల్లా అదే. ఇంటి అరుగు మీద నిలబడితే పొలం కనపడుతుంది గానీ, అక్కడికి వెళ్ళాలంటే మత్తయి గేటు తియ్యాలి.

వెనకటి రోజుల్లో గేటు పెద్ద బాధ కాదు. ఏ పొద్దుటో ఒక పాసింజరు, మధ్యాహ్నం ఒక మెయిలు. అరవయ్యో దశకం వచ్చేసరికి పరిస్థితి మారిపోయింది. బొగ్గు బండి, సిమెంటు బండి, ఎరువుల బండి, ఇనుపరాయి బండి ఒకదాని తోక పట్టుకుని ఒకటి రావడం మొదలుపెట్టాయి. పొగ ఇంజన్ల మధ్యలో కొత్తగా డీజిలు ఇంజన్లు బొబ్బలు పెడుతూ పోయేవి. రాత్రి పడుకుంటే మంచం కోళ్ళు అదిరేవి. దేశం పెద్దదవుతోందని పేపర్లో రాస్తున్నారు. ఆ పెద్దదవుతున్న దేశమంతా తన ఒక్కడి గేటు మీదుగానే పోతోందని చెంచురామయ్యకు గట్టి అనుమానం.

"తియ్యరా గేటు! కనుచూపుమేరలో పొగైనా లేదు" అని ఎద్దుబండి మీద నిలబడి కేకేసేవాడు.

"టేషన్నించి ఫోనొచ్చిందండి. బండి వదిలారంట. పోయేదాకా తియ్యకూడదండి" అనేవాడు మత్తయి.

"నీ అబ్బ సొమ్మేం పోయిందిరా?"

"మా నాన్నది కాదండి, రైలోళ్ళదండి" అని అతను నెమ్మదిగానే జవాబిచ్చేవాడు. ఆ నెమ్మది చూస్తే చెంచురామయ్యకు అరికాలి మంట నెత్తికెక్కేది.

ఒకసారి కోతల రోజుల్లో గేటు వేసి ఎంతకీ తియ్యలేదు. ఊళ్ళో బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. చెంచురామయ్య ఎప్పట్లాగే వరసను తప్పించుకుని ముందుకొచ్చి, బండి దిగి, తనే గేటు గొలుసు మీద చెయ్యి వేశాడు. మత్తయి ఎర్రజెండా పట్టుకుని అతని ఛాతీకి అడ్డంగా నిలబడ్డాడు. "ముందు నా మీద నించి తోలండి" అన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ దూసుకొచ్చింది. ఆ గాలికి చెంచురామయ్య తలపాగా ఎగిరి తుమ్మచెట్టుకు చిక్కుకుంది. వెనకాల బండ్లవాళ్ళందరూ పగలబడి నవ్వారు. ప్రాణం నిలిపినందుకు మొక్కాల్సిన మనిషి, తలపాగా పోయినందుకు పగబట్టాడు. మనిషి నైజం అంతే కాబోలు. ఆ రోజునుంచీ మత్తయి పొద్దు పొడిచిందని చెప్పినా ఆయన నమ్మడం మానేశాడు.

ఇంతలో రెండో లైను వచ్చిపడింది. ముందు సర్వేవాళ్ళు వచ్చి ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతారు. తరవాత పాలమూరు నుంచి మట్టిపని జనం గుడారాలతో దిగారు. పాత కట్ట పక్కనే కొత్త కట్ట లేవడం మొదలైంది. దానికి కావలసిన మట్టి కోసం చెంచురామయ్య పొలంలో పట్టాల పొడుగునా ఒక చెక్క తీసుకుని గుంటలు తవ్వారు. నష్టపరిహారం ఇస్తామన్నారు, ఇచ్చారు కూడా. అయినా ఆయనకు నిద్ర పట్టలేదు. తెల్లారకముందే లేచి వెళ్ళి గుంటల చుట్టూ తిరిగేవాడు. ఈ రోజు చెక్క తీసుకున్నారు, రేపు మిగిలింది అడిగితే ఏం చెయ్యాలనే బెంగ ఆయన్ని పట్టుకుంది. పొలం లేకపోతే తనెవరు? బాపట్ల బజార్లో తిరిగే పంచెకట్టు ముసలాడు, అంతే కదా అనుకునేవాడు.

ఆ ఎండాకాలంలో ఒకరోజు గేటు దాటుతుంటే మత్తయి గది లోంచి బయటికొచ్చి బండి పక్కన నడిచాడు.

"రామయ్యగారూ, ఓ మాటండి. వచ్చే సోమవారం నించి వారం రోజులు ఈ గేటు మీద లెక్కండి. ఎన్ని బండ్లు దాటితే అన్ని గీతలు గీసి పంపాలండి. ఊళ్ళో బండ్లన్నీ ఆ వారం ఇటే రమ్మని తమరు కాస్త చెప్పండి."

"ఎందుకంట?"

"రెండో లైను పడ్డాక గేట్లన్నీ ఉంచరంటండి. రాకపోకలున్నవే ఉంచుతారంటండి. నడిచిపోయే మడిసి లెక్కలోకి రాడండి. బండే దాటాలి."

చెంచురామయ్య సరేననలేదు, కాదనలేదు. ఇన్నేళ్ళూ బండి చూస్తే గేటు వేసిన మనిషి, ఇప్పుడు బండ్లు రమ్మని బతిమాలుతున్నాడంటే ఇందులో ఏదో మెలిక ఉందని తోచింది. పొలానికి వెళ్ళకుండా ఎడ్లను వెనక్కి తిప్పి నేరుగా జగన్నాథరావు ఇంటికి పోయాడు.

జగన్నాథరావు ఊరికి పెద్ద. రోజూ పేపరు తెప్పించుకుంటాడు, రేడియో ఉంది, బెజవాడలో చుట్టాలున్నారు. ఏ విషయమైనా అడిగితే తెలీదు అనడం ఆయనకు అలవాటు లేదు. సంగతంతా విని పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"బండ్లు ఎక్కువ దాటితే ఏం చేస్తారనుకున్నావు? పట్టాల మీదుగా వంతెన వేస్తారు. పట్టణాల్లో అదే జరుగుతోంది. వంతెనంటే గాల్లో నిలబడుతుందటయ్యా? అటూ ఇటూ కొండంత మట్టికట్ట పొయ్యాలి. ఆ కట్ట ఎవరి నెత్తిన పోస్తారు? గేటు పక్కన పొలం ఎవరిది?"

గేటు పక్కన పొలం ఎవరిదో చెంచురామయ్యకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"మరి ఆ మత్తయిగాడు బండ్లు రమ్మంటాడేంటండి?"

"వాడికేం? లెక్క పెరిగితే సాయంగా ఇంకో మనిషిని వేస్తారు. కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చు" అన్నాడు జగన్నాథరావు, రైల్వే బోర్డులో తానే కూర్చుని వచ్చినట్టుగా.

ఆ సాయంత్రం చెంచురామయ్య ఊరంతా తిరిగాడు. తిరగడం ఆయనకు బాగా వచ్చిన విద్య. అవి పొలాలకు పెంట ఎరువు తోలుకునే రోజులు. ప్రతి ఇంటి నుంచీ పొద్దున లేస్తే పెంటబండి పొలానికి పోవలసిందే. అయితే ఎండాకాలం కాబట్టి కాలువలు కట్టేసి ఉన్నాయి. గేటుకు కొంచెం ఎగువన కాలువ మీద రైలు వంతెన ఉంది. నీళ్ళు లేనప్పుడు దాని కిందుగా, కాలువ అడుగున బండి చక్కగా పోతుంది. "వారం రోజులు గేటు మొహం చూడకండి. లెక్క సున్నా అయిందంటే ఈ దిక్కున వంతెన మాటెత్తరు. ఏదో మూలనున్న గేటు అని వదిలేసి పోతారు" అని ఇంటింటికీ చెప్పాడు. పొలాలు పోతాయంటే ఎవడు వినడు? అందరూ విన్నారు.

సోమవారం నుంచి మత్తయి గది ముందు స్టూలు వేసుకుని, మోకాలి మీద అట్ట, అట్ట మీద కాయితం పెట్టుకుని కూర్చున్నాడు. దారి మీద కుక్క కూడా రాలేదు. ఎగువన కాలువ వంతెన దగ్గర మాత్రం పొద్దుగూకేదాకా దుమ్ము లేస్తూనే ఉంది.

చెంచురామయ్యకు ఇంట్లో కాలు నిలవలేదు. తన ఉపాయం ఎలా పారుతోందో కళ్ళారా చూసుకోవాలని మధ్యలో ఒకరోజు గేటు దగ్గరికి నడిచి వెళ్ళాడు. నడిచిపోయే మనిషి లెక్కలోకి రాడని మత్తయే చెప్పాడు కదా. గది వెనకనుంచి వస్తుంటే దేవకుమారి గొంతు వినపడింది.

"నాలుగు గీతలు ఎక్కువ గీస్తే ఏం పోయింది? పైనున్న దేవుడు తప్ప ఎవరు చూస్తారు?"

"ఆయన చూస్తే చాలదా? రాని బండిని నేను రాయలేను" అన్నాడు మత్తయి.

చెంచురామయ్య దగ్గి ముందుకొచ్చాడు. మత్తయి లేచి నిలబడ్డాడు.

"రామయ్యగారూ, బండ్లేవండీ?"

"పనుల్లేవయ్యా" అన్నాడు చెంచురామయ్య.

మత్తయి తలతిప్పి ఎగువన లేస్తున్న దుమ్ము వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. మళ్ళీ స్టూలు మీద కూర్చున్నాడు. ఆ క్షణాన చెంచురామయ్యకు లోపల ఏదో గుచ్చుకున్న మాట నిజమే. కానీ తుమ్మచెట్టున వేలాడిన తలపాగా గుర్తుకు తెచ్చుకుని ఆ గుచ్చుకున్నదాన్ని అణిచేశాడు.

లెక్క ముగిసిన వారంలోనే ఆయన చెల్లెలు లక్ష్మమ్మను చూడ్డానికి బయల్దేరాడు. బాపట్లలో పాసింజరెక్కి, తెనాలిలో దిగి, రేపల్లె బండి మారాలి. తెనాలి ప్లాట్‌ఫారం మీద ఆ బండి కోసం ఈ చివరనుంచి ఆ చివరకు తిరుగుతూ, కనపడ్డ ప్రతివాడికీ రైల్వేవాళ్ళను తానెలా బోల్తా కొట్టించాడో చెప్పాడు. రేపల్లె దగ్గర చెల్లెలి ఊళ్ళో, ఆమె మొగుడు శేషగిరిరావు అరుగు మీద నలుగుర్నీ పోగేసి మరింత రసవత్తరంగా చెప్పాడు. "బావా, నీ బుర్రే బుర్ర" అని శేషగిరిరావు తొడ చరిచాడు. మా అన్నయ్య ఎప్పుడూ ఇంతేనని లక్ష్మమ్మ మురిసిపోయి గారెలు వండింది.

ఇంటికి తిరిగొచ్చిన కొద్దిరోజులకే కాలువలకు నీళ్ళు వదిలారు. వంతెన కింద దారి ములిగిపోయింది. అది ప్రతి ఏడూ జరిగేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఒక ఉదయం చెంచురామయ్య బండిలో నాగలి వేసుకుని గేటు దగ్గరికి వెళ్ళేసరికి, రైల్వే గ్యాంగు మనుషులు దారికి అడ్డంగా గుంటలు తీసి పాత పట్టాల ముక్కలు నిలువుగా పాతుతున్నారు. గేటు కర్రలు తీసి పక్కన పడేశారు. మత్తయి సామాను మంచంతో సహా దారి పక్కన ఉంది.

"ఏంటయ్యా ఇది? పొలానికెట్లా పోవాలి?" అని అరిచాడు చెంచురామయ్య.

"అవతలి గేటు మీద నించి పోవాలండి. ఇక్కడ రాకపోకల్లేవని తేలిందంట" అన్నాడు గ్యాంగు మేస్త్రీ, చేతిలో పని ఆపకుండా.

మత్తయి ఒక్క మాట అని ఉంటే, బూతులు తిట్టి ఉంటే చెంచురామయ్య తిరిగి తిట్టి తేలికపడేవాడు. అతను మంచం కోళ్ళకు తాడు బిగించుకుంటూ ఉండిపోయాడు. గది ఎలాగూ కూల్చేస్తారని దేవకుమారి అంతకుముందే బీరకాయలన్నీ కోసి ఊళ్ళో తలా కాసిని పంచిపెట్టింది. పాలేరు తెచ్చిన వాటాను పున్నమ్మ ఆ పూట కూర వండింది. "ఎవరిచ్చారు?" అని అడిగాడు చెంచురామయ్య. జవాబు వినేసరికి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఒక్క పూట ఆయన చివరిదాకా కదలకుండా కూర్చున్నాడు. పున్నమ్మకు భయం వేసింది.

అవతలి గేటు చాలా దూరం. అక్కడిదాకా వెళ్ళి, పడమటి గట్టున వెనక్కి రావాలి. పొలం చేరేసరికి ఎడ్లు సొంగ కార్చేవి, ఎండ నడినెత్తికొచ్చేది. అంత దూరం నాట్లకు రావడానికి కూలీలు ఒప్పుకోలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అర్జీలు పెట్టాడు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే సమాధానం: లెక్క పెట్టినప్పుడు మీ ఊరి బండ్లు లేవు కదండీ. జగన్నాథరావును కూడా తీసుకెళదామని వెళ్తే, ఆయన "వంతెన వేస్తారన్నాను గానీ, గేటు తీసెయ్యరని నేనెప్పుడన్నాను?" అని మళ్ళీ పేపరు విప్పాడు. ఒక పంట ఎలాగో పండించాక, చెంచురామయ్య పొలాన్ని పడమటి ఊరివాడికి కౌలుకిచ్చేశాడు. తన పొలంలో వేరేవాడు దున్నుతుంటే అరుగు మీద నిలబడి చూసేవాడు. మధ్యలో రైళ్ళు ఇటొకటి అటొకటి ఒకేసారి పోయేవి. ఒకదానికోసం ఒకటి ఆగే పని లేదు ఇప్పుడు.

పని లేని మనిషికి ఊళ్ళో కాలు నిలవలేదు. ఊరికే రైలెక్కడం మొదలుపెట్టాడు. బాపట్ల వెళ్ళి కాఫీ తాగి వచ్చేవాడు, తెనాలి వెళ్ళి ఏమీ కొనకుండా బజారు చూసి వచ్చేవాడు. ఏ రైలును చూస్తే ఒళ్ళు మండుతుందో ఆ రైల్లో తప్ప ఆయన ప్రాణానికి ఎక్కడా కుదురు లేకుండా పోయింది. చెల్లెలి ఊరికి మాత్రం వెళ్ళలేదు. తొడ చరిచిన బావకు మొహం చూపించడం కష్టమనిపించింది. గేటు పోయిన సంగతి వాళ్ళకు చెప్పనేలేదు.

డెబ్బయ్యో దశకం వచ్చిన కొత్తలో, ఒక ఎండాకాలం లక్ష్మమ్మే కబురు పెట్టింది. ఎన్నాళ్ళయిందో చూసి, ఒక్కసారి వచ్చిపొమ్మని. కాదనలేక రేపల్లెలో దిగి ఊరి వైపు నడక సాగించాడు. ఆ దారిలోనూ పట్టాలు దాటాలి. దూరం నుంచే గేటు గది కనపడింది. దాని కప్పు నిండా బీరపాదు, పచ్చటి పూలు. చెంచురామయ్య కాళ్ళు నడక మర్చిపోయాయి.

గది ముందు స్టూలు మీద మత్తయి కూర్చుని ఉన్నాడు. జుట్టు నెరిసింది. మోకాలి మీద అట్ట, అట్ట మీద కాయితం.

"రామయ్యగారా? రండి" అని లేవబోయి, మోకాలు పట్టుకుని మళ్ళీ కూలబడ్డాడు. "కుమారీ, మంచినీళ్ళు తే."

దేవకుమారి చెంబు తెచ్చి ఇచ్చింది గానీ మొహం ఎత్తి చూడలేదు. చెంచురామయ్య నీళ్ళు తాగుతూ దారి అటూ ఇటూ చూశాడు. ఖాళీగా ఉంది. అదీ పెంట తోలే కాలమే.

"ఇక్కడా లెక్కేనా?"

"అవునండి. ఆదివారం దాకా అండి."

"బండ్లేవి?"

మత్తయి కాయితం వైపు చూసుకున్నాడు. "పనుల్లేవంటండి" అన్నాడు.

చెంచురామయ్య చెంబు కింద పెట్టాడు. ఆ మాట అతను ఎత్తిపొడుపుగా అన్నాడా, మామూలుగా అన్నాడా అన్నది తెలీలేదు. ఎలా అన్నా చెంప మీద కొట్టినట్టే తగిలింది.

"ఈ గేటు కూడా పోతే?"

దానికి దేవకుమారి జవాబిచ్చింది. "పోతే గ్యాంగులో వేస్తారంట బాబుగారూ. ఆ మోకాళ్ళతో పట్టాలు మొయ్యాలంట. మొయ్యలేకపోతే ఇంటికి పొమ్మంటారు. ఇల్లెక్కడుంది మాకు?"

మత్తయి "లోపలికి పో" అని ఆమెను కసిరాడు.

చెల్లెలి ఇంట్లో విస్తరి వేశారు. శేషగిరిరావు ఎదురుగా కూర్చుని నవ్వుతున్నాడు. "బావా, నువ్వు చెప్పిన ఉపాయమే. వంతెన వేస్తే మెరక పొలాలు పోతాయని ఊరంతా కూడబలుక్కున్నాం. బండ్లన్నీ పట్టాల కింది మురుక్కాలవ తూములోంచి పోతున్నాయి. నాలుగు రోజులైంది, ఆ గేటు మీద ఈగ వాలలేదు."

"వానాకాలం ఆ తూములోంచి ఎట్లా పోతారు?"

"వానాకాలం గేటుంటుంది కదా!"

"ఉండదు బావా. మా గేటు తీసేశారు."

శేషగిరిరావు నవ్వు ఆగింది. "ఎప్పుడు?"

"నీకు కథ చెప్పి వెళ్ళిన నెలకే."

"మరి చెప్పలేదే?"

చెంచురామయ్య తల దించుకుని అన్నం కలుపుకున్నాడు. శేషగిరిరావు తల అడ్డంగా ఆడించాడు. "అది మెయిన్ లైను బావా. మాది రేపల్లె బండి. తాపీగా వచ్చి తాపీగా పోతుంది. ఇక్కడ గేటు తీసి వాళ్ళు బావుకునేదేంటి? నీ సంగతి వేరు, మా సంగతి వేరు." తన సంగతి అందరి సంగతికంటే వేరని అనుకోనివాడు ఈ డెల్టాలో ఇంకా పుట్టలేదు. ఆ రోజు జగన్నాథరావు అరుగు మీద చెంచురామయ్య అనుకున్నదీ అదే.

మారు వడ్డించడానికి లక్ష్మమ్మ గిన్నె పట్టుకొచ్చేసరికి అన్నయ్య విస్తరి ముందు లేడు. పెరట్లో చెయ్యి కడుక్కుని, కొట్టంలో ఎడ్లను విప్పి బండికి కడుతున్నాడు.

"ఎక్కడికి బావా, ఇంత ఎండలో?" అని శేషగిరిరావు ఎంగిలి చేత్తోనే బయటికొచ్చాడు.

"గేటు దాటడానికి."

"దాటి?"

"మళ్ళీ ఇటు దాటడానికి."

ఖాళీ బండి గడగడమంటూ గేటు చేరింది. మత్తయి లేచి నిలబడి చూశాడు. గేటు తీసే ఉంది. చెంచురామయ్య పట్టాలు దాటాడు, అవతల మామిడిచెట్టు దగ్గర ఎడ్లను తిప్పాడు, మళ్ళీ ఇటు వచ్చాడు. మళ్ళీ తిప్పాడు. మత్తయి చేతిలో పెన్సిలు కదల్లేదు.

"రాయవేంటి?" అని గద్దించాడు చెంచురామయ్య.

"బండిలో ఏమీ లేదండి..."

"కాయితంలో ఏముంది? బండి అనుందా, నిండు బండి అనుందా?"

మత్తయి కాయితం దగ్గరగా పట్టుకుని పైనుంచి కిందిదాకా చదువుకున్నాడు. "బండి అనే ఉందండి" అన్నాడు చివరకు.

"మరి నీ కళ్ళకు ఇది బండిలా కనపడ్డం లేదా? దాటిన బండిని రాయకపోతే అదీ అబద్ధమే."

మత్తయి కూర్చుని, పెన్సిలు నాలిక మీద తడిచేసుకుని, దాటినన్ని గీతలూ గీశాడు. ఒక్కటి ఎక్కువ గియ్యలేదు, ఒక్కటి తగ్గించలేదు. గది గుమ్మంలో నిలబడ్డ దేవకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండ పేలిపోతోంది. ఊళ్ళోంచి ఒకరిద్దరు వచ్చి చూశారు, వాళ్ళు వెళ్ళి మరికొందరిని పంపారు. శేషగిరిరావు బావమరిదికి వడదెబ్బ తగిలిందన్నారు. పాపం పొలం పోయిందట, అప్పట్నుంచే ఇలాగట అన్నాడు ఇంకొకడు. చెంచురామయ్యకు అన్నీ వినపడుతున్నాయి. ఒకప్పుడు నలుగురు నవ్వినందుకు ఏళ్ళతరబడి కడుపులో పెట్టుకున్న మనిషి, ఇప్పుడు అంతకు పదింతలు నవ్వుతుంటే వాళ్ళ మధ్యనుంచే బండి తోలుకుంటూ పోయాడు. సిగ్గుగానే ఉంది. కానీ చేతులు పగ్గాలు వదల్లేదు. ఒంట్లో ఎన్నేళ్ళనుంచో తిరుగుతున్న తిరుగుడుకు ఈ రోజు ఒక దారి దొరికింది, పట్టాలకు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు.

లక్ష్మమ్మ కుండతో మజ్జిగ తెచ్చింది. "ఏంటన్నయ్యా ఈ పని? ఊరంతా నవ్వుతోంది" అని ఏడుపు గొంతుతో అంది.

"నవ్వనీ. మీ ఆయన్ని పెంటబండి ఇటు తోలుకు రమ్మను. వానలు పడి తూము ములిగాక చూడు, అప్పుడెవరు నవ్వుతారో" అన్నాడు. లక్ష్మమ్మ అన్నయ్య మొహం చూసింది. కుండ అక్కడే దించి గబగబా ఇంటి వైపు నడిచింది.

పొద్దు వాలుతుండగా రేపల్లె వైపునుంచి కూత వినపడింది. మత్తయి పచ్చజెండా చంకలో పెట్టుకుని గేటు వేశాడు. చెంచురామయ్య బండి మామిడిచెట్టు దగ్గర తిరిగి సరిగ్గా గేటు ముందుకొచ్చి నిలబడింది. దిగలేదు, కేకెయ్యలేదు. పగ్గాలు ఒళ్ళో పెట్టుకుని నొగ మీద కూర్చున్నాడు. పాసింజరు తాపీగా వస్తోంది. అప్పుడే దారి మీద దుమ్ము లేచినట్టు కనపడి అటు చూశాడు. పట్టాలకు అవతల, ఊరివైపు నుంచి ఒక పెంటబండి వస్తోంది. తోలుతున్నది శేషగిరిరావు. మొహం మాడ్చుకుని, ఎవరి వైపూ చూడకుండా వస్తున్నాడు. అతని వెనక ఇంకో బండి ఉందా, ఒట్టి దుమ్మేనా అన్నది రైలు అడ్డుపడి తెలీలేదు.

రైలు పోయింది, దుమ్ము ఇంకా అణగలేదు. మత్తయి గేటు దగ్గరికొచ్చి, తియ్యకుండా ఎడ్ల మెడ నిమిరాడు.

"ఎడ్లు అలిసిపోయినయ్యండి. తమరూ అలిసిపోయారు. ఇయ్యాల్టికి చాలండి."

"ఆదివారం ఇంకా రాలేదుగా" అన్నాడు చెంచురామయ్య. "తియ్యి తమ్ముడూ, గేటు."